తొమ్మిదో నాటికి మానని వాత

కాలువ లస్కరు జానయ్యకు మొదట తెల్లబడినవి కనుబొమలు. తరువాత మీసం, చివరకు తల. యాభై తొమ్మిదేళ్ల మనిషికి వెంట్రుకలు నెరవడంలో వింతేమీ లేదు. కాని జానయ్యవి నెరిసినట్లు లేవు, రంగు విడిచినట్లు ఉన్నాయి. ఆగస్టులో కాలువకు నీళ్లు వదిలిన నాటికి బొగ్గు వలె ఉన్న మీసం, దసరా దాటేసరికి దూది వలె అయింది. వేములపల్లి బస్సు స్టాపు దగ్గరి హోటలులో అతడు చాయ తాగుతూ కూర్చుంటే, ఎరిగినవారు సైతం ఒక్క క్షణం ఆగి, పరికించి చూసి గాని పలకరించేవారు కాదు.

"ఏం జానన్నా, సున్నం గోడకు మొఖం రాస్తున్నవా ఏంది?" అని హోటలు నడిపే పరశురాములు నవ్వాడు.

"ఉన్న నలుపంత నీ చాయ గిన్నెలకే ఖర్సయిపాయె. నాకేడ మిగుల్తది?" అన్నాడు జానయ్య.

బల్ల చుట్టూ కూర్చున్నవారు నవ్వారు. జానయ్య నవ్వలేదు. ఆ తెలుపు ఎక్కడి నుండి వచ్చిందో అతనికి తెలుసు. ప్రతిదినం పరగడుపున అతడు మింగే మాత్ర నుండి వచ్చింది.

గొర్రెల మందలు కాచే ఇంట పుట్టి, సర్కారు కొలువులో చేరిన మొదటివాడు జానయ్య. ముప్పై ఒక్క సంవత్సరాలుగా సాగర్ ఎడమ కాలువ నుండి చీలిన మేజరు అనే పాయ మీద లస్కరుగా పనిచేస్తున్నాడు. ఏడు కిలోమీటర్ల కట్ట, పదకొండు తూములు అతని అధీనం. ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు గేజీ రాతి మీద నీటి మట్టం చూసి రిజిస్టరులో నమోదు చేయాలి. వంతు వచ్చిన తూము తెరవాలి, వంతు తీరిన తూము మూయాలి. షట్టరు తిప్పే ఇనుప పిడిని భుజాన వేసుకుని కట్ట మీద నడిచి వచ్చే ఆ మనిషిని రైతులు ప్రేమించిందీ లేదు, కాదని దాటిపోయిందీ లేదు. కట్టకు దొంగచాటుగా బొక్క పెట్టి పైపు దించిన వారిని అతడు పైపు వెతికి పట్టేవాడు కాదు. పొలాల రంగు చూసి పట్టేవాడు. వంతు లేని మడిలో వరి పచ్చగా ఉన్నదంటే, పైన ఎక్కడో కట్ట తెగినట్లే. ఈ విషయంలో అతని కన్ను ఒక్కసారి కూడా తప్పలేదని ఇంజనీర్లు సైతం చెప్పుకునేవారు.

క్రితం సంవత్సరం అతనికి మూత్రంలో రక్తం పడింది. హైదరాబాదులో కుడి మూత్రపిండాన్ని గడ్డతో సహా తీసివేశారు. గండం గడిచిందనుకున్న ఆరు నెలలకు ఊపిరితిత్తులలో మూడు మచ్చలు కనిపించాయి. అప్పటి నుండి సూర్యాపేటలో డాక్టరు శ్యాంసుందర్ వద్ద వైద్యం జరుగుతున్నది. మొదటిసారి మాత్ర రాసిచ్చిన నాడు జానయ్య వెంట కూతురు రజని ఉన్నది. ఆమె మిర్యాలగూడలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది.

"గడ్డ పెరగాలంటే దానికి తిండి కావాలి, జానయ్యగారూ" అన్నాడు డాక్టరు. "తిండి రక్తంలో వస్తుంది. గింజంత ఉన్నన్నాళ్లు చుట్టుపక్కల తేమతో బతుకుతుంది. అంతకు మించి ఎదగాలంటే సొంత నాళాలు కావాలి. అందుకని పక్కనున్న రక్తనాళానికి కబురు పంపుతుంది."

"కబురా? ఏ నోటితోటి సారూ?"

"నోరు లేదు. ఒక రకం ప్రోటీను. అది పోయి నాళం గోడ మీది ఎంజైమును తాకుతుంది. ఎంజైమంటే ఒంట్లో పని నడిపించే మేస్త్రీ అనుకోండి. కబురు అందగానే అది మేలుకుని పక్కదాన్ని లేపుతుంది, అది ఇంకొకదాన్ని లేపుతుంది. ఇంకో రకం ఎంజైములు చుట్టూ ఉన్న కండను కరిగించి దారి చేస్తాయి. ఆ దారిలో కొత్త నాళం మొలిచి గడ్డ దాకా పోతుంది."

"కట్ట తెంపి పిల్లకాలువ తీసుకున్నట్టు."

"సరిగ్గా అంతే. ఈ మాత్ర ఆ మొదటి ఎంజైముకు అడ్డం పడుతుంది. కబురు వస్తూనే ఉంటుంది, కానీ అది మేలుకోదు."

"అంటే షట్టర్ పిడికే తాళమేసుడు."

డాక్టరు నవ్వి, ఈ మాట రేపటి నుండి అందరికీ చెబుతానన్నాడు. జానయ్య మాత్రం ఒక ప్రశ్న వేశాడు.

"తూము మూస్తే దొంగ పైరొక్కటే ఎండదు గద సారూ. దాని కిందనే వంతున్నోని పైరు గూడ ఎండుతది. నా ఒంట్ల గా వంతున్నోడెవరు?"

డాక్టరు ముఖంలో నవ్వు నిలిచిపోయింది.

"గాయం" అన్నాడు. "గాయం మానాలన్నా కొత్త నాళాలే మొలవాలి. అందుకని ఈ మాత్ర వాడినన్నాళ్లు ఒంటి మీద గాయం కాకూడదు. పన్ను పీకించుకోవాలన్నా, చిన్న కోత అయినా నాకు ముందే తెలపాలి. దెబ్బ తగిలితే ఆ రోజే రావాలి."

రజని ఆ మాటలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో బీరువా తలుపు లోపలి వైపు అంటించింది. జానయ్య పాత గేజీ రిజిస్టరు ఒకటి తీసి, మట్టం రాసే గడిలో మాత్ర వేసుకున్న గంట రాయడం మొదలుపెట్టాడు. నెలకొకసారి ఆ రిజిస్టరును డాక్టరు ముందు పెట్టేవాడు.

మాత్ర తన పని తాను చేసింది. వెంట్రుకలు తెల్లబడ్డాయి. మాత్ర అడ్డుకునే ఎంజైములలో వెంట్రుకకు రంగు అందించేది కూడా ఒకటి ఉన్నదని, భయపడవలసింది లేదని డాక్టరు చెప్పాడు. దానికన్నా బాధాకరమైనది అరికాళ్ల మంట. కట్ట మీద నడిచి వచ్చిన సాయంత్రం పాదాలు నిప్పుల మీద నుండి తీసినట్లు ఎర్రబడి, మడమల వద్ద బొబ్బలెత్తేవి. అది కూడా ఉంటుందని డాక్టరు ముందే చెప్పి లేపనం ఇచ్చాడు. జానయ్య లేపనం రాసుకుని, పళ్లు బిగించి, మరునాడు మళ్లీ పిడి భుజాన వేసుకునేవాడు.

నవంబరు మొదటి వారంలో వంతు ప్రకారం కాలువకు నీళ్లు కట్టివేశారు. ఆ విరామంలో జానయ్య కోదాడ దగ్గర ఉన్న తన అక్క ఈదమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె అతనికన్నా పదకొండేళ్లు పెద్దది. తల్లి పాలు చాలని రోజులలో తమ్ముణ్ణి మేకపాలతో పెంచింది. వాత పెట్టడంలో ఆమె చేతికి పేరున్నది. కుంటిన గొర్రెకు ఇనుప చువ్వ కాల్చి పెడుతుంది. మనిషికైతే పసుపు కొమ్మును ఆముదపు దీపంలో ఎర్రగా కాల్చి ఆనిస్తుంది. పుట్టిన నెలకే పచ్చకామెర్లు సోకిన జానయ్య కడుపు మీద ఆ ఇంటివారు రెండు వాతలు పెట్టారు. ఆ వాతల వల్లనే తాను బతికానని వింటూ అతడు పెరిగాడు. రూపాయి బిళ్లల వంటి ఆ రెండు మచ్చలను అతడు స్నానం చేసేటప్పుడల్లా చేత్తో తడుముకునేవాడు.

తమ్ముడు ఆటో దిగి, పాదాల అంచుల మీద నడుస్తూ వాకిట్లోకి రావడం ఈదమ్మ చూసింది.

"ఏంట్రా తమ్ముడూ, పల్లేరు కాయల మీద నడిసినట్టు నడుస్తున్నావు?"

"మాత్ర మంటక్కా. గట్లనే ఉంటదట."

"ఉంటదంట! ఉంటే ఊరుకుంటారా? ఇట్రా, కాళ్లు చాపు." పాదాలను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె నిట్టూర్చింది. "ఒంట్లో వేడంతా కాళ్లకు దిగి, పోయే దారి లేక కూర్చుంది. చీలమండ ఎనక ఒక్క వాత పడితే దారి దొరుకుద్ది."

"ఒంటి మీద గాయం కావద్దన్నడక్కా డాక్టరు."

"గాయమేందిరా పిచ్చోడా! నేనేమన్నా గొడ్డలి పట్టుకుని కూర్చున్నానా? వాత మందురా. నీ కడుపు మీదియి గాయాలా?"

జానయ్య ఆలోచించాడు. ఇనుప తీగ గీరుకున్నది గాయం. కొడవలి తెగినది గాయం. వాతను గాయమని పిలవగా ఆ ఇండ్లలో అతడు ఏనాడూ వినలేదు. కుడి కాలు చాపాడు. చర్మం కమిలిన వాసన వచ్చినప్పుడు కూడా అతడు అక్క ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.

వాతకు ఆ ఇంటివారి కట్టుబాటు ఒకటి ఉన్నది. తొమ్మిదో నాటికి పక్కు రాలాలి. రాలిన పక్కును పొయ్యిలో వేసి, వేపాకు నీళ్లతో స్నానం చేయించి, వాత పెట్టిన మనిషి చేతిలో కొబ్బరికాయ పెట్టాలి. అంతవరకు ఆ మనిషి మాంసం ముట్టరాదు. ఈదమ్మ నలభై ఏళ్లలో వందల వాతలు పెట్టింది. పదో రోజు వరకు ఆగవలసి వచ్చింది లేదు.

తొమ్మిదో నాడు ఆమె ఫోన్ చేసింది.

"పక్కు రాలిందా?"

"ఇంక లేదక్కా."

పన్నెండో నాడు చేసింది. పదిహేనో నాడు చేసింది. జానయ్య ప్రతిసారీ కాలు పైకెత్తి చూసుకుని, అదే మాట చెప్పాడు. వాత పెట్టిన నాడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది. చీము లేదు, వాపు లేదు, పక్కు కట్టనే లేదు. అంచులు పాలిపోయి, నడుమ నీళ్లు కట్టేసిన కాలువ అడుగు వలె బూడిద రంగుతో ఒక గుంట. నొప్పి కూడా పెద్దగా లేదు. చీము పట్టిన పుండును అతడు ఎన్నో చూశాడు, వాటికి ఎన్నడూ భయపడలేదు. ఏమీ జరగకుండా, తెరిచిన నోరు వలె అట్లాగే ఉండిపోయిన ఈ గుంటను చూస్తే మాత్రం భయం వేసింది. భార్య భద్రమ్మ కంట పడకుండా దాని మీద గుడ్డ చుట్టుకోసాగాడు.

ఇరవై రెండో నాడు, నవంబరు ఇరవై ఎనిమిదిన, సూర్యాపేటలో స్కాను తీశారు. డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి సంతోషించాడు. మూడు మచ్చలూ సగానికి తగ్గాయి. వెంట వచ్చిన రజని కళ్లు తుడుచుకున్నది. తరువాత డాక్టరు అలవాటు ప్రకారం రిజిస్టరు తిరగవేస్తూ ఒకచోట వేలు ఆపాడు.

"నవంబరు ఆరు. 'మాత్ర వేసితిని. మందు: కోదాడలో అక్క చేతి మీదుగా.' ఇదేం మందు జానయ్యగారూ?"

"పసుపు కొమ్ము సారూ."

"తిన్నారా, పూసుకున్నారా?"

"కాల్చి పెట్టింది."

డాక్టరు కలం కింద పెట్టాడు. "కాలు చూపించండి."

జానయ్య గుడ్డ విప్పాడు. గుంట ఆ చివరి వారంలో పెరిగి ఐదు రూపాయల బిళ్లను మించింది. అడుగున తెల్లగా, దారపు పోగు వంటిది కనిపిస్తున్నది.

"నాయినా!" అన్నది రజని. "బీరువకు కాయిదం అంటిచ్చింది ఎందుకు? అలంకారానికా?"

"దాంట్ల గాయం కావద్దనున్నది బిడ్డా. మన ఇండ్లల్ల వాత గాయమెప్పుడైంది?"

రజని చేయి తన మెడ వెనుకకు పోయింది. అక్కడ కూడా ఒక వాత మచ్చ ఉన్నది.

డాక్టరు మెల్లగా, ఒక్కొక్క మాట తూచి చెప్పాడు. ఆ తెల్లని పోగు మడమను కండతో కట్టి ఉంచే స్నాయువు. అది పూర్తిగా బయటపడి, సూక్ష్మజీవి చేరితే పాదం తీసివేయవలసి రావచ్చు. ఆ విషం నెత్తురుకెక్కితే పాదంతో కూడా ఆగదు. మాత్ర ఆపితే తప్ప అక్కడ నాళాలు మొలవవు.

"ఆపితే పిడికేసిన తాళం తీసినట్టే గద సారూ."

"అవును."

"గాయం దిక్కు ఒక్కదానికే తీసే ఉపాయం లేదా?"

"లేదు. ఏది గాయమో, ఏది గడ్డో మాత్రకు తెలియదు. తీస్తే రెండింటికీ తీసినట్టే."

"ఎన్ని దినాలు?"

"ఆరు వారాలు పట్టొచ్చు. ఆ ఆరు వారాల్లో అది ఊరుకుంటుందని నేను మాట ఇవ్వలేను."

జానయ్య వెలుగుతున్న ఫిలిం వైపు చూశాడు. సగానికి ఎండిన మూడు మచ్చలు. నీళ్ల కొరకు ఇంకా కబుర్లు పంపుతూనే ఉన్నాయి.

"ఆపుర్రి సారూ" అన్నాడు చివరకు. "కాలు లేకుంటే కట్ట నడిసేదెట్ల?"

ఆ సాయంత్రం భద్రమ్మ ఆడబిడ్డకు ఫోన్ చేసి నోరారా తిట్టింది. "నీ చెయ్యి సల్లగుండాలె వదినె! ఊర్ల గొర్లన్ని అయిపోయినయని నా మొగన్ని పట్టినవా?" అన్నది. ఈదమ్మ, "పక్కు రాలిందాకా నేను ముక్క ముట్టను వదినా. అది ఎన్నాళ్లైనా సరే" అని మాత్రమే అన్నది. ఆ తరువాత ఎవరు వచ్చి అడిగినా ఆమె ఆముదపు దీపం వెలిగించలేదని కోదాడ నుండి వచ్చినవారు చెప్పారు.

మాత్ర ఆపిన పదమూడో నాడు, ఉదయం కట్టు మార్చుతూ రజని కేక వేసింది. బూడిద రంగు గుంటలో, అంచుల వెంట, ఆవగింజల వంటి ఎర్రని చుక్కలు లేచాయి.

"అమ్మా, ఉరికి రా! నెత్తురు నాళాలు మొలుస్తున్నయ్!"

భద్రమ్మ వచ్చి చూసి, దేవుడి పటానికి దండం పెట్టుకున్నది. దినదినానికి చుక్కలు కలిసి ఎర్రని మెత్తని పొర అయ్యాయి. ఆ పొర మీదికి అంచుల నుండి చర్మం పాకసాగింది. పాదాల మంట తగ్గింది. అన్నం రుచించింది. ఇంటిల్లిపాదీ తేలికపడ్డారు. జానయ్య ఒక్కడే, ప్రతి ఉదయం ఆ ఎరుపును చూసి కాలు పక్కకు తిప్పుకునేవాడు. తూము తెరిచిన నాడు నీళ్లు ఒక్క మడికే పోతాయని నమ్మే లస్కరు ఉండడు.

జనవరి ఎనిమిదో తేదీకి గాయం పూర్తిగా మూసుకున్నది. పక్కు రాలింది. ఈదమ్మ మొదటి బస్సుకే దిగింది. అరవై మూడు రోజుల పథ్యంతో, బెంగతో ఆమె చేతుల ఎముకలు పైకి తేలాయి. భద్రమ్మ ఆమెను చూసి తిట్టబోయి, తిట్టలేక, లోపలికి పోయి వేపాకు నీళ్లు కాచింది. ఈదమ్మ పక్కును పొయ్యిలో వేసి, తమ్ముడి నెత్తిన చెంబుతో నీళ్లు పోస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒరేయ్! నీ కనుబొమలు నల్లబడుతున్నాయిరా!"

నిజమే. తెల్లని వెంట్రుకల మొదళ్లలో, చర్మాన్ని ఆనుకుని, చీమల బారు వంటి నల్లని గీత ఒకటి లేచింది. మీసంలోనూ అంతే.

"సూడు వదినా, సూడు! నా తమ్ముడికి పాణం తిరిగొచ్చింది!" అని ఈదమ్మ తడిచేతులతో అతని ముఖం పట్టుకుని ఏడ్చింది. భద్రమ్మ కూడా చూసి ఏడ్చింది. జానయ్య అక్క చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. "కడుపు నిండ తినక్కా ఇగ" అన్నాడు. మధ్యాహ్నం హోటలు వద్ద పరశురాములు, "సున్నం కడుక్కున్నవానే? మల్ల పెండ్లికొడుకువైనవ్" అని చాయ ఉచితంగా ఇచ్చాడు. జానయ్య ఆ చాయను సగంలోనే వదిలి లేచాడు. వంతు లేని మడి పచ్చబడింది.

పదో తేదీన స్కాను తీశారు. రెండు మచ్చలు ఉన్నచోటనే ఉన్నాయి. మూడవది రెట్టింపైంది. దాని చుట్టూ సన్నని గీతలు, వేళ్ల వలె.

"మాత్ర రేపే మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. "చాలామందిలో మళ్లీ లొంగుతుంది."

"లొంగకుంటే?"

"కొన్నిసార్లు ఒక దారి మూస్తే గడ్డ ఇంకో దారి వెతుక్కుంటుంది. వేరే ఎంజైమును లేపుకుంటుంది. అప్పుడు వేరే మాత్ర చూడాలి. రెండు నెలలకు స్కాను తీస్తే గాని తెలియదు."

"ఎంటికలు మల్ల తెల్లబడ్తయా సారూ?"

"నెల రోజుల్లో మొదలవ్వాలి. కానీ జుట్టును చూసి లోపలి సంగతి తేల్చుకోకండి. అది వేరు, ఇది వేరు."

జానయ్య తల ఊపాడు. డాక్టరు మాటలో అబద్ధం ఉండదని అతనికి తెలుసు. కాని ముప్పై ఒక్క సంవత్సరాలు పొలాల రంగు చూసి గండ్లు పట్టిన కన్ను అది. ఇప్పుడు మానుకొమ్మంటే మానుకోలేదు.

మరునాటి నుండి అతడు మాత్ర వేసుకుని, రిజిస్టరు విప్పే ముందు, తలుపు పక్కన వేలాడే చిన్న అద్దం ముందు నిలబడసాగాడు. ఒకప్పుడు నలుగురిలో తలెత్తుకోనీయని ఆ తెలుపు కొరకు, గేజీ రాతి మీద నీటి అంచును వెతికినట్లు, కనుబొమల మొదళ్లలో వెతికేవాడు. పాత తెల్లని కొసలను మంగలి కత్తిరించాడు. మిగిలినదంతా నలుపే. పది రోజులు గడిచాయి. ఇరవై గడిచాయి. కాలువకు రెండుసార్లు నీళ్లు వచ్చి, రెండుసార్లు ఆగాయి. పాదాల మంట కూడా తిరిగి రాలేదు. భద్రమ్మ దానికి సంతోషించింది.

"ఏమయ్యా, పొద్దుగాల్నే అద్దం ఇడుస్తలేవు. ఎవరికి సూపెడ్తవ్ గా సోకు?" అన్నది ఒకనాడు పొయ్యి దగ్గర నుండి.

"నీకే" అన్నాడు జానయ్య.

ఆమె నవ్వింది. అతడు అద్దం ముందు నుండి కదిలి, అరుగు మీద కూర్చుని, రిజిస్టరు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏనాడూ మట్టం ఎక్కువ తక్కువ రాసిన చేయి కాదది. కలం తెరిచి, గడులు తప్పకుండా రాశాడు:

"తేదీ: ఫిబ్రవరి పదమూడు. సమయం: ఉదయం ఆరు గంటలు. మాత్ర వేసితిని. ముప్పది నాలుగవ దినము. కాలు: మానినది. కనుబొమ మొదలు: నలుపు."